కొలువు విడువక న్యాయశాస్త్రము: హనుమకొండ గుమాస్తా ఒకరి చరిత్ర

హనుమకొండలోగాని, కాజీపేటలోగాని పట్టభద్రులైన యువకులు నలుగురు కూడినచోట తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. “న్యాయశాస్త్రము చదువవలెనని యున్నది. ఇల్లు గడువవలెనన్నచో ఉద్యోగము మానుటకు వీలు లేదు. ఈ రెంటికిని పొసగు కొలువు ఏది?” మా శ్రోతలలో కొందరు ఈ ప్రశ్ననే ఉత్తరములలో వ్రాయుచుందురు. ఉద్యోగములు చూపుట మా పని కాదు. మాకు అప్పగింపబడినది చరిత్ర ప్రసంగము. అయినను ఈ ప్రశ్నకు ఈ ఊరిలోనే నూరేండ్లకు పైబడిన చరిత్ర యున్నది గనుక, నేటి ప్రసంగమును దానికే వినియోగింపదలచితిమి.

మొదట ఆనాటి హనుమకొండను కొంచెము కన్నుల ముందు నిలుపుకొనవలెను. నిజాము రాజ్యము నాలుగు సుబాలుగా విభజింపబడి యుండెను. అందు ఒకదానికి వరంగల్లు ముఖ్యస్థానము. 1886లో శంకుస్థాపన జరిగిన సుబేదారు బంగళా నేటికిని నిలిచియున్నది. దాని చుట్టునున్న పేటకు సుబేదారి అను పేరు దానివలననే వచ్చినది. 1889 నాటికి రైలు దారి సికింద్రాబాదు నుండి వరంగల్లు మీదుగా బెజవాడ చేరెను. రైలుతోపాటు వర్తకము వచ్చెను. వర్తకముతోపాటు తగవులు వచ్చెను. తగవులతోపాటు కచేరీలు పెరిగెను. సుబా కచేరీ, జిల్లా కచేరీ, అదాలతు, విద్యాశాఖ, అటవీశాఖ, పోలీసు — ఇన్ని దఫ్తరములకు వ్రాతగాండ్రు కావలసివచ్చిరి. మెట్రిక్యులేషను ముగించిన తెలుగు బాలునకు ఊరిలో కనబడు బ్రతుకుదెరువు ఈ దఫ్తరములలోని గుమాస్తా కొలువే. అదియైనను ఉరుదూ వచ్చినవానికే. 1880ల దశకములో పారసీ భాష స్థానమున ఉరుదూ రాజభాష యైనది. అర్జీ ఉరుదూలో, మిసిలు ఉరుదూలో, తీర్పు ఉరుదూలో. తన పొలము సంగతి తాను చెప్పుకొనుటకు తెలుగు రైతు మరియొకరి నోటిని ఆశ్రయింపవలసి యుండెను.

ఆ నోరే వకీలు. నిజాము రాజ్యమున వకీలుకు ఉండిన స్థానమును నేటివారు గ్రహించుట కొంచెము కష్టము. చదువుకొన్నవానికి నాడు దారులు రెండే: ఒకటి సర్కారు నౌకరీ, రెండవది వకాలతు. నౌకరీలో జీతము స్థిరముగా వచ్చును. కాని సర్కారు ఉప్పు తినువాడు సభలలో మాటాడరాదు, పత్రికలలో సర్కారును విమర్శింపరాదు. వకీలునకు ఆ సంకెల లేదు. కక్షిదారులు వచ్చినంత కాలము అతడు ఎవరి దయమీదను ఆధారపడనక్కరలేదు. తెలంగాణమున ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ప్రజాకార్యములలో నిలిచినవారి పేర్లు చూచినచో, అందు వకీళ్లు ఇంతమంది యుండుటకు కారణము ఇదే. బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి, మందుముల నరసింగరావు — అందరును న్యాయవాదులే. మన ఓరుగల్లు కవి కాళోజీ నారాయణరావు సైతము 1939లో న్యాయశాస్త్ర పట్టము పొందినవారే.

వకీలు అగుటకు నాడు విశ్వవిద్యాలయపు పట్టము తప్పనిసరి కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమే 1918 వరకు లేదు. సర్కారు జరుపు పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడు తన తరగతికి తగిన న్యాయస్థానములలో వాదింపవచ్చును. వకీళ్లలో మొదటి తరగతి, రెండవ తరగతి అని భేదములుండెను. పరీక్షకు ఉరుదూ రావలెను, చట్టములు కంఠస్థముగా నుండవలెను. కాని అభ్యర్థి ఏ గురువు ఎదుట ఎన్ని దినములు కూర్చుండెనని అడిగెడువారు లేరు. పగలు ఏ పని చేసినను, రాత్రి దీపము ముందు చదివినను, పరీక్షనాడు వ్రాయగలిగినచో చాలును. కొలువు విడువజాలని పేదవానికి తెరచియుంచిన తలుపు అదే.

ఆ తలుపున ప్రవేశించినవారిలో మాడపాటి హనుమంతరావు పంతులుగారు ఒకరు. తరువాతి కాలమున ‘ఆంధ్ర పితామహు’లని ప్రజలచే గౌరవింపబడినవారు, 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైనవారు, ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులైనవారు. అవన్నియు అందరికిని తెలిసినవే గనుక వానిని దాటిపోవుదము. మాకు కావలసినది వారి జీవితములో ఎవరును అంతగా నిలిచి చూడని భాగము — గుమాస్తాగా నున్న భాగము.

వారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. మేనమామల నీడలో సూర్యాపేటలో పెరిగి, పై చదువునకు హనుమకొండ వచ్చిరి. తండ్రి లేని బాలుడు, పెంచినవారు మేనమామలు: అట్టి యింట మెట్రిక్యులేషను ముగియగానే జీతము తెచ్చు కొలువును వెదకుకొనుట తప్ప వేరు ఆలోచన యుండదు. 1904లో హనుమకొండ విద్యాశాఖ కచేరీలో గుమాస్తాగా చేరిరి. 1912 వరకు, అనగా ఎనిమిదేండ్లు, ఆ కుర్చీలోనే యుండిరి.

ఎనిమిదేండ్లు తక్కువ కాలము కాదు. మామూలుగా ఆ కాలములో గుమాస్తా శిరస్తదారు పదవి వంక చూచుచు, కూతురు పెండ్లికి అప్పు చేయుచు, వెన్ను వంగి స్థిరపడును. దఫ్తరము మనిషిని మ్రింగివేయు విధము మాకును కొంత తెలియును. మేమును దఫ్తరము మనుషులమే. మాడపాటివారు మ్రింగబడలేదు. కారణమేమని యోచించినచో, ఆ కొలువునకు వెలుపల వారు మరియొక జీవితము కల్పించుకొనిరి. వారు కొలువున చేరిన 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము స్థాపితమైనది. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తరువాత మూడేండ్లకు వెలసిన గ్రంథాలయమిది. దీని పనిలో వారు శ్రద్ధతో పాల్గొనిరి. ఉరుదూ, పారసీ, ఆంగ్లములను సాధించిరి. తెలుగున కథలు వ్రాసిరి. ప్రేమచందు ఉరుదూ కథలను తెలుగునకు తెచ్చిన తొలివారిలో వారొకరు. ఒక భాషలోని వాక్యమును విప్పి మరియొక భాషలో దాని బరువు తగ్గకుండ కట్టుట వారికి ఇట్లు అలవడినది. ఈ అలవాటును గుర్తుంచుకొనవలెను. కథ అంతయు దీని చుట్టునే తిరుగును.

1912లో వారు హనుమకొండ విడిచి హైదరాబాదు చేరిరి. శాసననిర్మాణమునకు సంబంధించిన న్యాయశాఖ కార్యాలయములో అనువాదకుని ఉద్యోగము. పైపైన చూచినచో ఇది ఒక గుమాస్తా కొలువు నుండి మరియొక గుమాస్తా కొలువునకు మారుట మాత్రమే. కాని మా దృష్టిలో ఈ మార్పే ప్రధానము. విద్యాశాఖలో కూర్చున్నవాడు పగలంతయు ఉపాధ్యాయుల బదిలీలు, బెంచీల లెక్కలు, సెలవు చీటీలు వ్రాసి, సాయంకాలము అలసిన కన్నులతో చట్టము తెరువవలెను. పగటికిని రాత్రికిని పొత్తు లేదు. న్యాయశాఖలో అనువాదకునకు అట్లు కాదు. పగటి పనియే చట్టము. ఒక శాసనమును ఒక భాష నుండి మరియొక భాషకు మార్చువాడు దానిని ఊరక చదివినవానికంటె పదిరెట్లు లోతుగా నెరుగును. ‘చేయవచ్చును’ అనుటకును ‘చేయవలెను’ అనుటకును మధ్య గల దూరము ఎంతటిదో, ఒక ‘లేక’ స్థానమున ‘మరియు’ పడినచో ఎవని ఆస్తి ఎవనికి పోవునో, అనువాదకుడు తెలిసికొనినంతగా విద్యార్థి తెలిసికొనడు. విద్యార్థి అర్థము కాని వాక్యమును దాటిపోవచ్చును. అనువాదకునకు దాటిపోవు అధికారము లేదు. ప్రతి మాటకు అతడు ఏదో యొక మాట వ్రాయవలసినదే.

అయిదేండ్లు ఈ పని చేసి, 1917లో మాడపాటివారు వకీలు పరీక్షలో ఉత్తీర్ణులైరి. అనగా, సర్కారు జీతము ఇచ్చుచు తనకు తెలియకుండగనే ఒక న్యాయవాదిని తయారు చేసినది. రెండు గంటలు ముందుగా విడిచిపెట్టు కొలువు, సెలవులు ఎక్కువగా నుండు కొలువు, పై అధికారి మెత్తనివాడైన కొలువు — యువకులు వెదకునవి ఇవి. చదువునకు ఇవన్నియు అనుకూలములే, కాదనము. కాని చదువు లోపలికి వచ్చు కొలువు వేరు. మాడపాటివారికి దొరకినది అట్టిది.

ఇది మన దేశమునకే చెందిన ముచ్చట కాదు. అమెరికా దేశమున అబ్రహాము లింకను 1833లో న్యూ సేలము అను చిన్న గ్రామమునకు పోస్టుమాస్టరుగా నియమితుడయ్యెను. ఆ ఊరికి టపా వారమునకు ఒక్కమారు వచ్చెడిది. మిగిలిన దినములలో భూములు కొలుచు సర్వేయరు పని. ఈ రెంటి మధ్య ఎరువు తెచ్చుకొన్న పుస్తకములతో చట్టము చదివి 1836లో న్యాయవాదిగా అనుమతి పొందెను. పోస్టాఫీసు తీరికను ఇచ్చినది; గొలుసు పట్టి కొలిచిన పొలములు హద్దుల తగవులను నేర్పినవి. అటుపిమ్మట ఆ దేశ రాజధానియైన వాషింగ్టనులో సర్కారు గుమాస్తాల కొరకే అన్నట్లు న్యాయవిద్యాలయములు వెలసినవి. అంతర్యుద్ధము ముగిసిన 1865లో కొలంబియను కళాశాలవారు న్యాయశాస్త్ర తరగతులను కచేరీలు మూసిన తరువాతి వేళకు పెట్టిరి. 1870లో జార్జిటౌను న్యాయవిద్యాలయము సాయంకాలపు ఉపన్యాసములతోనే ఆరంభమైనది. కచేరీ నుండి నేరుగా తరగతికి నడచిపోవు గుమాస్తాలతో ఆ గదులు నిండెడివి.

ఇంగ్లండులో నాటి పద్ధతి మరింత విచిత్రము. బారిస్టరు కాదలచినవాడు తన ‘ఇన్’ భోజనశాలలో నిర్ణీతమైన సంఖ్యలో విందులు ఆరగింపవలసి యుండెను. అప్పుడే అతనికి ‘టర్ము’ గడచినట్లు లెక్కించెడివారు. ఉపన్యాసమునకు పోకున్నను క్షమించెడివారు గాని భోజనమునకు రాకున్నచో క్షమించెడివారు కారు! మన ఆంధ్రదేశమున ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపిన తల్లి చేతికష్టముతో చదివి, రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరమున పేరు సంపాదించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు సైతము 1904లో ఆ విందుల కొరకు సముద్రము దాటవలసివచ్చెను. ఏలయన రెండవ తరగతి ప్లీడరునకు మద్రాసు హైకోర్టు తలుపులు తెరువబడవు. 1907లో బారిస్టరై తిరిగివచ్చిన పిదపనే ఆయన అక్కడ వాదించిరి. చదువు ఒక్కటే, తరగతులే వేరు.

ఈ తరగతి భేదములను స్వతంత్ర భారతము తుడిచివేసినది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము వకీలు, ప్లీడరు, ముఖ్తారు అను పలు అంతరువులను తీసివేసి, అడ్వొకేటు అను ఒక్క పేరును నిలిపినది. న్యాయవిద్య ప్రమాణములను నిర్ణయించు బాధ్యత బార్ కౌన్సిలు ఆఫ్ ఇండియాకు వచ్చెను. మొదటి దశకములలో దేశమున అనేక పట్టణములందు సాయంకాలపు న్యాయకళాశాలలు నడచినవి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు వానినుండియే పట్టభద్రులై వచ్చిరి. క్రమముగా కట్టుబాట్లు బిగిసినవి. 2008 నాటి న్యాయవిద్యా నియమముల ప్రకారము తరగతులు ఉదయము 8 గంటలకును సాయంకాలము 7 గంటలకును మధ్యనే జరుగవలెను. ప్రతి విషయమునందును విద్యార్థికి నూటికి 70 వంతుల హాజరు ఉండవలెను. పగటి కొలువు చేయువానికి ఈ రెండు నియమములును కలిసినప్పుడు మిగులు దారి ఎంత ఇరుకో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కట్టుబాటును మేము నిందింపము. కక్షిదారుడు తన భూమిని, తన కొడుకు ప్రాణమును ఒక నల్లకోటుకు అప్పగించుచున్నాడు. ఆ కోటు లోపలివాడు మూడేండ్లలో ఒక్కనాడైనను తరగతి ముఖము చూడనివాడైనచో కలుగు హాని చిన్నది కాదు. హాజరు పట్టీలో దొంగ సంతకములు పెరిగినప్పుడు నియమము బిగియుట సహజము. అయినను ఒక సందేహము మమ్ము విడువదు. నిజాము కాలపు పరీక్ష అభ్యర్థిని “నీవు ఏమి ఎరుగుదువు?” అని అడిగినది. నేటి నియమము దానికి ముందు “నీవు ఎచ్చట కూర్చుంటివి?” అని అడుగుచున్నది. రెండవ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలవాడు తరచుగా తండ్రి సంపాదన గలవాడే యగును. మేనమామల యింట పెరిగిన మెట్రిక్యులేటు మాట యేమి?

సుబేదారిలో నేడు కాకతీయ విశ్వవిద్యాలయమువారి న్యాయకళాశాల యున్నది. కచేరీ గుమాస్తాలు నడచిన వీధులలోనే న్యాయవిద్యార్థులు నడచుచున్నారు. వారిలో కొలువు విడువనివారు ఎట్లు నెట్టుకొనివచ్చుచున్నారని చూచినచో, తొమ్మిది నుండి అయిదు వరకు కట్టివేయు కచేరీలో కాక, పాళీల పద్ధతి గల పనులలో వారు ఎక్కువగా కనిపింతురు. ఆస్పత్రి రాత్రి పాళీ, రైల్వే స్టేషను పాళీ, ముద్రణాలయపు పాళీ. మా రేడియోలోను పాళీలు కలవు. తెల్లవారుజామున వచ్చి, మొదటి ప్రసారము ముగియగానే సంచిలో చట్టపుస్తకము వేసికొని పరుగెత్తిన సహోద్యోగి నొకనిని మేమెరుగుదుము. అతని కన్నులు ఎప్పుడును ఎఱ్ఱగానే యుండెడివి. ఇక రెండవ త్రోవ మాడపాటివారిది: న్యాయవాది వద్ద గుమాస్తా, కోర్టులో నకళ్లు వ్రాయువాడు, టైపిస్టు, దస్తావేజుల లేఖరి. జీతము స్వల్పము, కాని ప్రొద్దున తరగతిలో విన్న సెక్షను మధ్యాహ్నము మిసిలులో ఎదురగును. ఇట్టి కొలువులలో యజమాని మనస్సే సెలవు చీటీ. పరీక్షల మాసమున న్యాయవాది తన గుమాస్తాను విడిచిపెట్టగలడు, తానును ఒకప్పుడు ఆ కష్టము పడినవాడైనచో.

పట్టము చేతికి వచ్చిన పిదప మరియొక ఘట్టము కలదు. బార్ కౌన్సిలు నియమముల ప్రకారము వృత్తిలో నున్న అడ్వొకేటు మరియొకరి వద్ద పూర్తికాలపు జీతగాడుగా ఉండరాదు. ఇన్నేండ్లు చదువును మోసిన కొలువును ఆ దినమున దింపివేయవలెను. నెల తిరుగగానే చేతికి వచ్చు జీతమును వదలి, కక్షిదారుడు వచ్చునో రాడో తెలియని బల్ల ముందు కూర్చుండుట సులభము కాదు. పట్టము పొందియు చాలామంది ఇక్కడనే ఆగిపోవుదురు. వారిని తప్పుపట్టుట ఎవరి తరము?

1917లో మాడపాటివారు ఈ ఘట్టమునకే వచ్చిరి. అప్పటికి పదమూడేండ్ల సర్కారు నౌకరీ, ముప్పదిరెండేండ్ల వయస్సు. అనువాదకుని పదవి గౌరవమైనది, ముందునకు పోవు దారి గలది. దానిని విడిచి హైదరాబాదులో వకీలు బల్ల పెట్టిరి. ఈ విడుచుటలో ఏమున్నదో నాలుగేండ్లకు గాని లోకమునకు తెలియలేదు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది; మహర్షి కార్వే అధ్యక్షులు. అందరును తమ తమ భాషలలో మాటాడిరి. ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగున మాటాడ లేచినంతనే సభలో అల్లరి, ఈలలు. అవమానితులైన తెలుగువారు కొందరు అప్పుడే వేరుగా కూడి, నవంబరు 12న ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దానికి కార్యదర్శిగా నిలిచినవారు మాడపాటివారు. న్యాయశాఖలో అనువాదకులుగానే యున్నచో ఆ కాగితముపై వారి సంతకము ఉండెడిదా? సర్కారు జీతగాడు ఇట్టి సంఘమునకు కార్యదర్శి కాజాలడు. వకీలు కాగలడు.

సంఘము చేపట్టిన పనులలో వెట్టిచాకిరి విషయము ఒకటి. గ్రామాలలో అధికారులు వచ్చినప్పుడు కుమ్మరి కుండలు ఇయ్యవలెను, చాకలి, మాదిగ కూలి లేక పనిచేయవలెను, వర్తకుడు సరకులు ధర లేక పంపవలెను. దీనిని నిషేధించు సర్కారు ఉత్తరువులు, గస్తీలు కచేరీలలో ఉండనే ఉండెను. కాని అవి ఉరుదూలో ఉండెను. వాని సంగతి ఎరుగవలసినవాడు వానిని చదువజాలడు. సంఘమువారు ఇట్టి విషయములపై తెలుగున చిన్న పుస్తకములు ప్రకటించి ఊళ్లకు పంపిరి. సర్కారు మాటనే తెలుగు చేసి రైతు చేతిలో పెట్టుట! అర్జీ ఏ కచేరీకి పోవునో, ఏ మాట ఎచ్చట పడవలెనో గుమాస్తా ఎరుగును. చట్టపు వాక్యమును మార్చు విద్య అనువాదకుడు ఎరుగును. దానిని పట్టుకొని నిలువగల ధైర్యము వకీలుకు ఉండును. ఈ మువ్వురును ఒక్క మనిషిలో నుండిరి.

పల్లెలనుండి ఉత్తరములు వచ్చినవి. ఊరూర సంఘములు పుట్టినవి. వానినన్నిటిని ఒక్కటిగా కూర్చుటకు ఆంధ్రజన కేంద్రసంఘము ఏర్పడి, 1923 ఏప్రిల్ 1న ప్రథమ సమావేశమును జరుపుకొనినది. ఆ సమావేశము జరిగినది మన హనుమకొండలోనే. పదునొకండేండ్ల క్రిందట విద్యాశాఖ గుమాస్తాగా ఈ ఊరు విడిచినవారు, వకీలుగా, కార్యదర్శిగా, చంకలో కాగితముల కట్టతో మరల ఇదే ఊరికి వచ్చిరి.